రెండో సగంలో గొంతు

రేపల్లె,
12-4-1967.

ఝాన్సీకి,

నీకు ఉత్తరం రాసి ఐదు నెలలు దాటింది. నవంబరులో మద్రాసు నర్సింగ్‌హోం మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని నిలబడ్డావే, ఆ తర్వాత కాగితం ముందేసుకోవడం ఇదే. బడిలో నల్లబల్ల మీద తప్ప ఎక్కడా అక్షరం పెట్టబుద్ధి కాలేదు.

నిన్న బసవమ్మ గారిని తీసుకుని తెనాలి వెళ్ళాను. శివపార్వతి ఆఖరి సినిమా అక్కడ ఆడుతోంది. నా దగ్గర ఎనిమిదో తరగతిలో పద్యం అప్పజెప్పలేక గుడ్లనీళ్ళు కుక్కుకున్న పిల్ల తెర మీద అంత ఎత్తున కనిపిస్తుంటే, పక్కన కన్నతల్లి కూర్చుని ఉంటే, నా ప్రాణం ఎలా ఉందో నువ్వే ఊహించుకో. ఆవిడ మాత్రం పిల్ల కనిపించిన మరుక్షణం కళ్ళు మూసేసుకుంది.

"చూడరేం బసవమ్మ గారూ?" అన్నాను.

"చూడ్డానికి రాలేదండి. వినడానికొచ్చా. నన్ను మాట్లాడించకండి" అంది.

మూడు గంటలూ అలాగే కళ్ళు మూసుకుని విన్నది. బయటికి వచ్చాక, "మొదటి సగంలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టుందండి పంతులమ్మ గారూ. రెండో సగంలో నాతోనే మాట్లాడింది" అంది.

ఝాన్సీ, తెనాలిలో నువ్వూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నువ్వు నాటకాలు ఆడిన రోజుల్లో తెర చాటున నిలబడి నీకు మాట అందించినదాన్ని. నీ గొంతు ఎన్ని వేషాలు కట్టినా నాకు తెలుస్తుంది. రెండో సగంలో గొంతు నీదే కదూ?

ఇంకో సంగతి. హాలు బయట అమ్మే పాటల పుస్తకం వెనక అట్ట మీద శివపార్వతి బొమ్మ వేసి, కింద 'కన్నతల్లి ఒడిలో కన్నుమూసిన తార' అని అచ్చేశారు. సినిమా చివర్లో తల్లి వేషం వేసినావిడ ఒళ్ళో పడుకునే దృశ్యం ఉందే, అదే బొమ్మ. మేం మద్రాసులో రైలు దిగేసరికి పిల్ల ప్రాణం పోయి నాలుగు గంటలైందని నీకు తెలుసు. బసవమ్మ గారికి చదువు రాదు, నేను చదివి వినిపించలేదు. పక్కనున్న ఇల్లాలెవరో పైకి చదివింది. ఆవిడ వినేసింది.

తిరుగు రైల్లో ఒకటే అడిగింది. "ఝాన్సమ్మ ఆ స్టూడియోలోనే ఉంటది కదండి. చివరి రోజుల్లో మా పిల్ల ఏమందో అడిగి రాయించండి" అని.

రాస్తావు కదూ.

నీ
బాలసరస్వతి


కోడంబాకం, మద్రాసు,
27-4-1967.

సరస్వతీ,

నీ ఉత్తరం నాలుగు రోజులు దిండు కింద పెట్టుకుని ఇవాళ జవాబు రాస్తున్నాను.

నాదే. ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నువ్వు కనిపెట్టావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. రెండో సగం చాలావరకు తీసిన ఆ చివరి పదిరోజుల షూటింగులో ఆ పిల్ల గొంతు బాగా పీలగా వచ్చిందట. పోయాక మళ్ళీ చెప్పించడానికి మనిషి లేదు. డిసెంబరులో నాకు కబురుపెట్టారు.

మా డబ్బింగు పని ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు. ఒక్కొక్క మాట ఉన్న ఫిల్మ్ ముక్కని గుండ్రంగా అతికించి తిప్పుతారు. తెర మీద అదే పెదవి మళ్ళీ మళ్ళీ కదులుతుంటుంది. చెవులకి తగిలించుకున్న యంత్రంలో అసలు గొంతు వినిపిస్తుంటుంది. విని, ఆ పెదవి కదిలేలోపల మనం అనాలి. కుదిరేదాకా అదే. అలా ఆరు రోజులు ఆ పిల్ల గొంతు నా చెవిలో ఉంది, నా గొంతు ఆ పిల్ల నోట్లో ఉంది.

ఈ స్టూడియో సంగతి మీకు అక్కడ తెలియదు. లోపల నాలుగు ఫ్లోర్లు, అంటే షూటింగు షెడ్లు. ఒకదాంట్లో కైలాసం, పక్కదాంట్లో జమీందారు మేడ. ఇక్కడ అనుకున్న మాట మూడు నెలల్లో కొల్లిపరలో మా మేనకోడళ్ళ నోట్లో ఉంటుంది. ఇక్కడ ఏ జడ వేస్తే అక్కడ ఆ జడే. పాటల పుస్తకం మీద ఏం అచ్చేయాలో చూసుకునే మనుషులు వేరే ఉన్నారు. వాళ్ళకి నిజమూ అబద్ధమూ అని రెండుండవు, జనానికి నచ్చేదీ నచ్చనిదీ అని రెండుంటాయి.

బసవమ్మ పిన్నికి నా గొంతని చెప్పకు. చివరి రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. జ్వరమని అందరికీ తెలుసు. బాగానే చూసుకున్నారు.

ఝాన్సీలక్ష్మి


బాపట్ల,
9-6-1967.

ఝాన్సీకి,

చిరునామా చూసి ఆశ్చర్యపోకు. సెలవులకి మా అన్నయ్య చంద్రశేఖరం ఇంటికి వచ్చాను. సినిమా తెనాలిలో ఎత్తేసి బాపట్లలో వేశారని తెలిసి బసవమ్మ గారు కూడా నా వెంట బయల్దేరింది. వద్దని ఎలా అనను? మా వదిన వెంకటరమణమ్మ మంచిది, వీధివైపు గది ఇచ్చింది. రోజూ మాటినీకి వెళుతోంది. ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఇంటర్వెల్ అయ్యాకే లోపలికి వెళుతుంది ఇప్పుడు. గేటు దగ్గర టికెట్లు చింపే వెంకటప్పయ్య అనే ఆయనకి అలవాటైపోయి, "రండమ్మా, రెండో సగం మొదలవుతోంది" అని పిలుస్తున్నాడు. నిన్న నేనూ వెళ్ళాను. తెర మీద పిల్ల "అమ్మా, నన్ను ఇంటికి తీసుకెళ్ళు" అంటుంది చూడు, ఈవిడ కళ్ళు మూసుకునే, పక్కనున్నవాళ్ళకి వినిపించేటట్టు, "రమ్మంటే రాకపోతివి కదే" అంది. ముందు వరసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆవిడ ఎవరో తెలిసిపోయింది.

ఆట అయ్యాక చుట్టూ మూగారు. ఒకావిడ కళ్ళొత్తుకుంటూ, "నీ ఒళ్ళోనే పోయిందటగా తల్లీ" అంది. ఆ తర్వాత ఒకసారి తెనాలిలో ఎవరో ఇలాగే అడిగితే లేదని తల ఊపింది. నిన్న మాత్రం, "అవునమ్మా, నా ఒళ్ళోనే" అంది. అంతటితో ఊరుకోలేదు. నుదురు ఎలా కాలిపోయిందో, చివరికి ఎలా చల్లబడిందో చెప్పింది. చెబుతుంటే నాకే ఆవిడ అక్కడ ఉందేమో అనిపించింది.

ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం వేరే మాట. "రమ్మని మీ చేత రాయించాను కదండి. తల్లి మాట లక్ష్యపెట్టలేదు. ఆ రంగుల లోకం దాన్ని పట్టేసింది" అంది. పెద్దకర్మ రోజు కూడా మనసులో దాన్ని తిట్టుకున్నానని చెప్పింది. ఆ ఉత్తరం సంగతి ఇప్పుడెందుకులే.

నువ్వేదో దాస్తున్నావు ఝాన్సీ. 'పెద్దగా ఏమీ లేదు' అన్నదగ్గర నీ అక్షరాలు వంకరపోయాయి. చిన్నదైనా ఏదో ఉంది కదా. అది రాయి.

సరస్వతి


మద్రాసు,
20-7-1967.

సరస్వతీ,

ఇది చదివి చింపేయి.

నా గొంతు నాకు దొరకడం లేదు. పాలమనిషితో మాట్లాడుతుంటే ఆ పిల్ల గొంతు వస్తోంది. మొన్న పక్కింటివాళ్ళ పసివాణ్ణి ఎత్తుకుని జోకొడుతుంటే వాళ్ళమ్మ గుమ్మంలో ఆగిపోయి, "ఝాన్సీ గారూ, అచ్చం ఆ చనిపోయిన అమ్మాయిలా ఉందండీ" అంది. బిడ్డని చేతికిచ్చి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. నాటకాల రోజుల్లో గొంతు మార్చడం నాకో ఆట. ఇంటికొచ్చి చన్నీళ్ళు పుక్కిలిస్తే పోయేది. ఇది పోవడం లేదు.

దానిమీద ఇంకోటి. స్టూడియోవాళ్ళకి ఉత్తరాలు కుప్పలుగా వస్తున్నాయట, ఆ గొంతు మరచిపోలేకపోతున్నామని. కొత్తగా ఒక అమ్మాయిని తెస్తున్నారు. తెలుగు రాదు. ఆ అమ్మాయికి 'ఆ గొంతే' పెడదామంటున్నారు. మూడేళ్ళ ఒప్పందం నా ముందు పెట్టారు. ఆలోచించుకుంటానని వచ్చాను.

నువ్వడిగింది చెబుతాను. ఆ చివరి దృశ్యం, తల్లి ఒళ్ళో పడుకునేది. ఆ మేడ సెట్టు మర్నాడు విప్పేయాలి, ఇంకో సినిమావాళ్ళు కాచుకుని ఉన్నారు. అందుకని ఆ రోజే తీసేశారు. ఆ దృశ్యం ఫిల్మ్ ముక్క నాకు తిప్పినప్పుడు, సినిమాలో మాట అయిపోయాక ఇంకొంచెం మిగిలింది. కెమెరా ఆగకముందు అక్కడ మాట్లాడుకున్న మాటలు.

డైరెక్టరు గారి గొంతు: "ఇంకొక్కటి తల్లీ, చెయ్యగలవా? లేకపోతే ఇంటికెళతావా?"

తర్వాత ఆ పిల్ల: "అమ్మ పూర్తి చేసి రమ్మంది సార్. ఇంకొక్కటేగా. కానివ్వండి."

అంతే. ఆ మాటల మధ్య పళ్ళు టకటకా కొట్టుకోవడం వినిపిస్తుంది. చలిజ్వరం. నాలుగో రోజుకి పిల్ల పోయింది.

ఆ ముక్క ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు, నలభైసార్లు ఉంటుంది. నేను ఆ పెదవిమీద నా మాట సరిగ్గా పెట్టేసరికి ప్రతిసారీ వెనకాలే అది వస్తుంది. చివరికి శబ్దం చూసుకునే ఆయన విని, "తోక ఎక్కువుంది, కత్తిరించండి" అన్నాడు. కత్తిరించి బుట్టలో వేశారు. నేను ఆ బుట్ట పక్కనే కూర్చున్నాను. తీసుకుందామని చెయ్యి వెళ్ళింది. తీసుకోలేదు. ఎవరైనా చూస్తారని.

నీ బసవమ్మకి రెండో సగం తనతో మాట్లాడినట్టు ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? ఆ తోక విన్నాక నాకు వేరేలా పలకడం చేతకాలేదు.

కోపం వస్తోంది సరస్వతీ. ఒళ్ళు కాలిపోతున్న పిల్లకి పూర్తి చేసి రమ్మని రాయించిన తల్లి, ఇప్పుడు రమ్మంటే రాలేదని ఊరంతా చెప్పుకోవడమేంటి? ఆవిడకి మాత్రం చెప్పకు. తెలిస్తే బతకదు.

ఝాన్సీ


రేపల్లె,
3-10-1967.

ఝాన్సీకి,

రెండు నెలలు నీకు జవాబు రాయలేదు. రాసిన మూడు ఉత్తరాలూ చింపేశాను. ఇది నాలుగోది.

బసవమ్మ గారు పూర్తి చేసి రమ్మని రాయించలేదు. నేను రాశాను.

పోయిన ఏడు నవంబరు మొదట్లో పిల్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 'వారంగా జ్వరం తగ్గడం లేదు, ఇంటికి రావాలనుంది, ఏం చెయ్యనమ్మా' అని. నేనే చదివి వినిపించాను. మా అరుగు మీద కూర్చున్నాం ఇద్దరమూ. ఆవిడ చెప్పిన మాటలు నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి. "ఏ పనీ వద్దు, ఉన్నపళంగా బయల్దేరి రమ్మని రాయండి. రాలేకపోతే నేనే వస్తానని రాయండి."

ఇన్‌లాండు కవరు మీద నేనేం రాశానో విను. 'అమ్మ చెప్పమంది. ఒప్పుకున్న పని మధ్యలో వదలొద్దు. పూర్తి చేసి రా. మందులు వేళకి వేసుకో.'

రాసింది చదివి వినిపించండి అంది ఆవిడ. కాగితం మొహానికి ఎదురుగా పెట్టుకుని, 'ఉన్నపళంగా బయల్దేరి రా' అని చదివాను.

ఎందుకు చేశావని అడుగుతావు. నన్ను నేను అడుక్కోని రోజు లేదు. జ్వరమంటే మామూలు జ్వరమే అనుకున్నాను. అంత పెద్ద స్టూడియో, మధ్యలో వచ్చేస్తే మళ్ళీ గేటు లోపలికి రానివ్వరని నువ్వే ఒకసారి అన్నావు. తల్లి భయపడుతోంది, తల్లికి తెలియదు, నాకు తెలుసు అనుకున్నాను. అదొక్కటే అయితే నా మొహం నేను అద్దంలో చూసుకోగలిగేదాన్ని. బడిలో అందరికీ చెప్పుకున్నాను ఝాన్సీ. నా శిష్యురాలు నాయికగా వేస్తోందని, మొదటి ఆటకి మొత్తం తొమ్మిదో తరగతిని తీసుకెళతానని. ఆ సినిమా ఆగిపోకూడదని నాకుంది.

ఆవిడ రోజూ కూతుర్ని తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని వింటున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా, ఆ పిల్ల నా ఉత్తరం అందకుండానే మంచాన పడిందేమో అన్న ఆశ ఒకటి ఉండేది. అది కూడా పోయింది.

సరస్వతి


మద్రాసు,
11-10-1967.

సరస్వతీ,

నీ ఉత్తరం చదివి దాన్ని గోడకేసి కొట్టాను. కాగితం కాబట్టి ఏం కాలేదు. నువ్వెదురుగా ఉంటే ఏం చేసేదాన్నో.

తర్వాత కూర్చుని ఆలోచించాను. నువ్వు రాశావు, నేను బుట్టలోంచి తీయలేదు. నన్నెవరైనా చూస్తారని నాకు, నన్నందరూ చూడాలని నీకు. మనిద్దరిలో ఎవరు మేలో తేల్చుకోవడం ఇప్పుడు అనవసరం.

ఆవిడకి చెప్పు. తెలిస్తే బతకదని నేనే రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కూతురు తన మాట కాదందని నమ్ముతూ బతకడం కంటే అదే నయం. నువ్వు చెప్పకపోతే నేను వచ్చి చెబుతాను. చెప్పినా వస్తాను.

ఆ ఒప్పందం తిప్పి పంపేశాను. మేనేజరు పాండురంగారావు గారు, "ఆ గొంతు మాది, మేం తయారుచేశాం" అన్నారు. "అయితే తీసుకోండి" అని వచ్చేశాను. ఇంక ఆ గేటు నాకు లేదు.

ఝాన్సీ


రేపల్లె,
20-11-1967.

ఝాన్సీకి,

చెప్పాను.

నిన్న ఆదివారం పొద్దున్న. సినిమా ఇప్పుడు రేపల్లెలోనే వేశారు. మైకు కట్టిన రిక్షా వీధి చివర అరుచుకుంటూ పోతోంది. ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కింద కూర్చున్నాను.

"బసవమ్మ గారూ, ఆ రోజు నేను మీరు చెప్పినట్టు రాయలేదు" అన్నాను. చెయ్యి ఆగలేదు, ఇంకో రెండు రాళ్ళు ఏరి పడేసింది. మిగిలిందంతా చెప్పాను. సినిమాలో గొంతు నీదని, ఆ కత్తిరించిన ముక్కలో పిల్ల ఏమందో అది కూడా.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. స్టూడియోవాళ్ళు పంపిన పిల్ల పెట్టె అటక మీంచి దించిన చప్పుడైంది. నా ఇన్‌లాండు కవరు పట్టుకొచ్చింది. పిల్ల చీర మడతల్లో ఉందట. చదివించుకోవడానికి నేను తప్ప ఎవరున్నారని, తన మాటలే కదా అని అలాగే దాచుకుంది.

"ఇదేనా?"

"ఇదేనండి."

"చదవండి. ఈసారి అందులో ఉన్నది చదవండి."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"'అమ్మ చెప్పమంది' అని రాశారా? నా పేరు పెట్టి?"

"అవునండి."

"మీ పేరు మీద రాసుంటే అది వినేది కాదు. వచ్చేసేది" అంది.

ఝాన్సీ, ఆవిడ తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, నేను ఈ ఉత్తరంలో ఇంకేదైనా రాయగలిగేదాన్ని. చాట పక్కకి జరిపి కూర్చుని, చాలాసేపు ఆ కవరు మీద అక్షరాల్ని వేలితో తడిమింది. "పిచ్చిది. నా మాట దాటలేదు" అంది తనలో తను. తర్వాత నా వైపు చూడకుండా, "ఇంక మీరు వెళ్ళండి పంతులమ్మ గారూ" అంది.

సినిమాకి వెళ్ళలేదు. నాలుగు వీధుల అవతలే ఆడుతోంది.

సరస్వతి


రేపల్లె,
6-2-1968.

ఝాన్సమ్మకి బసవమ్మ చెప్పి రాయించేది.

ఈ దస్తూరి పంతులమ్మది కాదు. రైల్వేలో చేసి దిగిపోయిన రంగనాయకులు గారు రాస్తున్నారు. రాయడం అయ్యాక తీసుకెళ్ళి పోస్టాఫీసులో ఇంకొకరి చేత చదివించుకుంటా. ఆయన ఏమీ అనుకోనన్నారు.

నువ్వొచ్చి వెళ్ళి పదిహేను రోజులైంది. చేరినట్టు కార్డు ముక్క రాశావు కాదు. మన కొల్లూరు లంకల అరటిపళ్ళు దారిలో మగ్గిపోయినయ్యేమో.

పంతులమ్మ రోజూ సాయంత్రం బడి వదిలాక వచ్చి మా అరుగు చివర కూర్చుంటంది. నేను పలకరించను. పొమ్మనను కూడా. దీపాలేళ దాకా కూర్చుని వెళ్ళిపోతంది. నువ్వు వెళ్ళేటప్పుడు ఆవిడ మీద జాలిపడమన్నావు. అంత తొందరగా నావల్ల కాదమ్మా. ఏమో, చూద్దాం.

నా ఒళ్ళో పోయిందని బాపట్లలో నేను చెప్పిన అబద్ధం తలుచుకుంటే సిగ్గేస్తంది. చెప్పేటప్పుడు మాత్రం చల్లగా ఉండేది. ఇప్పుడు అడిగినవాళ్ళకి లేదని చెప్తన్నా. ఒకావిడ నమ్మలేదు. సినిమావాళ్ళు అచ్చేశారు, వాళ్ళకి తెలీదా అంది. ఆవిడతో నాకేం గొడవ.

నీకు ఈ కాగితం ఎందుకు రాయిస్తన్నానంటే, ఆ రోజు నీ మొహం చూసి చెప్పలేకపోయింది ఒకటుంది.

నువ్వొచ్చిన రోజు పొద్దున, దొడ్లో మంచం వాల్చి కూర్చున్నాం. ఆ కత్తిరించిన ముక్కలో అది అన్న మాట, అది అన్నట్టే అనమన్నా. నువ్వు తల దించుకున్నావు. తర్వాత అన్నావు. 'అమ్మ పూర్తి చేసి రమ్మంది సార్. ఇంకొక్కటేగా. కానివ్వండి.' పళ్ళు కొట్టుకోవడంతో సహా అన్నావు. నా పిల్ల నా దొడ్లోకి వచ్చింది. మళ్ళీ అనమన్నా. అన్నావు. మూడోసారీ అన్నావు. నేను కళ్ళు మూసుకుని ఒళ్ళో చోటు చేసుకుని కూర్చున్నా, వచ్చి పడుకుంటదని.

నాలుగోసారి అడిగితే నువ్వు, 'నావల్ల కాదు పిన్నీ, చచ్చిపోతాను' అన్నావు.

ఆ మాట దాని గొంతు కాదు. బొంగురుగా, లంక పొలాల్లో ఒకళ్ళనొకళ్ళు కేకేసుకునే ఆడవాళ్ళ గొంతులాగుంది. నీ గొంతేననుకుంటా. నువ్వొచ్చాక నేను వినడం అదే మొదలు. కళ్ళు తెరిస్తే దొడ్లో నువ్వున్నావు, నేనున్నాను, ఇంకెవరూ లేరు.

నువ్వు నన్ను ఏడిపించావని బెంగపడుతూ రైలెక్కావు. ఇదే చెప్పాలని. దహనం రోజు నేను ఏడవలేదు, కర్మలకి ఏడవలేదు. కోపంలో ఉన్నాగా. పద్నాలుగు నెలలకి ఆ పొద్దున నీ భుజం మీద తల పెట్టి నేను ఏడ్చింది నా పిల్ల కోసం.

ఒళ్ళు చూసుకో. వేళకి తిను.

బసవమ్మ వేలిముద్ర